తాపీ తీరాన హేమంతం

సూరత్ నగరం మౌనం వహించే రోజులు ఏడాదిలో బహు స్వల్పం. ఉధనా, లింబాయత్, పాండేసరా ప్రాంతాల్లో మరమగ్గాల చప్పుడు రాత్రింబవళ్ళు సాగుతూనే ఉంటుంది. వరాఛా వీధుల్లో వజ్రాలకు సానపట్టే చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. ప్రపంచంలో సాన తీరే వజ్రాలలో, సంఖ్యను బట్టి చూస్తే, పదింట సుమారు తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగా పోయేవే. ఇటువంటి నగరం దీపావళి వచ్చేసరికి చేతిలోని పని దించి కూర్చుంటుంది. వజ్రాల కర్మాగారాలు తలుపులు మూస్తాయి. సౌరాష్ట్ర నుంచి వచ్చిన పనివారు పిల్లాపాపలతో స్వగ్రామాలకు ప్రయాణమవుతారు. చాలా మగ్గాలు ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలోకి శీతకాలం మెల్లగా అడుగు పెడుతుంది.

దీపావళినాడు గుజరాతీ వర్తకుడు పాత ఖాతా పుస్తకాలను కట్టిపెట్టి కొత్త పుస్తకాలకు పూజ చేస్తాడు. దీనినే 'చోప్డా పూజన్' అంటారు. తొలి పుట మీద 'శుభ్', 'లాభ్' అనే రెండు మాటలు వ్రాస్తారు. కార్తిక శుద్ధ పాడ్యమి వారికి సంవత్సరాది. లాభపంచమినాడు దుకాణాలు తిరిగి తెరుస్తారు. తెలుగువారికి కొత్త ఏడు వసంతంలో వేపపూతతో వస్తుంది. గుజరాతీలకు శీతకాలపు గుమ్మంలో లెక్కల పుస్తకంతో వస్తుంది. ఈ భేదంలో ఒక అర్థం లేకపోలేదు. పూత రాబోయేదానిని చూపుతుంది. లెక్కల పుస్తకం ముందుగా గడిచినదానిని చూడమంటుంది. ధనం విషయంలో ఇంత శ్రద్ధ చూపే మనిషి, తన మనసు విషయంలో ఏడాదికి ఒక్కసారైనా జమాఖర్చులు చూసుకుంటున్నాడా? సూరత్‌లో శీతకాలం గడిపేవారికి ఈ ప్రశ్న ఎక్కడో ఒకచోట ఎదురుపడక తప్పదు.

వెలుతురుతో వచ్చే చలి

ఉత్తర ఐరోపాలో శీతకాలమంటే చీకటి. మధ్యాహ్నం మూడింటికే పొద్దు గుంకే దేశాల్లో మనిషి తలుపులు బిగించుకొని నిప్పు పక్కకు చేరతాడు. వెలుతురు తగ్గితే కొందరి మనసులు కూడా కుంగిపోతాయని వైద్యులు గుర్తించారు. 1984లో అమెరికాకు చెందిన మనోవైద్యుడు నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు ఈ రుతుసంబంధమైన విషాదాన్ని శాస్త్రీయంగా వర్ణించి, ప్రకాశవంతమైన దీపకాంతితో చికిత్స చేయవచ్చునని సూచించారు. అక్కడి శీతకాలంలో అంతర్ముఖుడు కావడం మనిషి ఎంచుకున్నది కాదు, అతని మీద వచ్చి పడినది.

ఉత్తర అక్షాంశం 21 డిగ్రీల దగ్గర, అరేబియా సముద్రానికి సమీపాన ఉన్న సూరత్‌లో ఇందుకు భిన్నమైన పరిస్థితి. ఇక్కడ మనిషిని ఇంట్లో బంధించేది చలి కాదు. వేసవి ఎండ, వానాకాలపు వరద. 2006 ఆగస్టులో తాపీ పొంగినప్పుడు నగరంలో అధిక భాగం నీట మునిగింది. ఆ వానలూ బురదా ముగిశాక, చెమట ఆరాక, డిసెంబరు నాటికి ఆకాశం తేటపడుతుంది. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 14, 15 డిగ్రీలకు దిగినా పగలు ఎండ హాయిగానే ఉంటుంది. శరీరం మీది భారం తొలగేసరికి మనసుకు కొంత తీరిక చిక్కుతుంది. ఐరోపావాసి చీకటికి జడిసి లోనికి చూసుకుంటాడు. సూరత్ వాసి వెలుతురులో కూర్చొని లోనికి చూసుకోగలడు. మన దేశపు శీతకాలం మనకిచ్చే ప్రత్యేకమైన వరం ఇదే.

మన ఆయుర్వేదమూ ఈ రుతువును సత్తువ కూడే కాలంగానే చెప్పింది. హేమంతంలో జఠరాగ్ని ప్రబలంగా ఉంటుందనీ, దేహబలం పెరుగుతుందనీ చరకసంహిత వివరించింది. సూరత్ వంటశాల ఈ సూత్రాన్ని అక్షరాలా పాటిస్తుంది. కాశీలో మరణం, సూరత్‌లో భోజనం కోరదగినవని గుజరాతీల సామెత. శీతకాలం రాగానే తాపీ ఒడ్డున 'పోంక్' అమ్మే పాకలు వెలుస్తాయి. పాలు పట్టి ఇంకా ముదరని జొన్నకంకులను నిప్పుల్లో కాల్చి, దులిపి తీసిన లేత గింజలే పోంక్. మన పల్లెల్లో ఊచబియ్యమనేది ఇదే. నిమ్మరసం, మిరియాలు కలిపిన సన్న కారప్పూసతో దీనిని తింటారు. ఇక 'ఉంధియు' అనే కూర సంగతి. ఆ పేరుకు మూలం తలక్రిందులనే అర్థమిచ్చే మాట. సూరత్ చిక్కుడు, పెండలం, చిలగడదుంప, పచ్చి అరటికాయ, చిన్న వంకాయలు, మెంతికూర ఉండలు మట్టికుండలో పెట్టి, కుండను బోర్లించి పైన మంట వేయడం దాని పాత పద్ధతి. కిందినుంచి కాక పైనుంచి సోకే వేడితో, కుండ లోపలే, మెల్లగా ఉడకాలి. తొందరపడి మూత తీస్తే అది ఉంధియు కాదు. పక్వానికి రావలసిన ఆలోచనల విషయమూ అంతే.

సూర్యుని కూతురు

సూరత్‌కు పూర్వం సూర్యపురమనే పేరుండేదని ఐతిహ్యం. నగరం గుండా ప్రవహించే తాపీ మధ్యప్రదేశ్‌లోని ముల్తాయీ దగ్గర పుట్టి, 724 కిలోమీటర్లు పడమటికి పారి సముద్రంలో కలుస్తుంది. ఆమె సూర్యుని పుత్రిక అని పురాణాలు చెబుతాయి. తపతి కథ తెలుగువారికి కొత్తది కాదు. నన్నయభట్టు ఆంధ్ర మహాభారతంలోని ఆదిపర్వంలో తపతీ సంవరణుల ఉపాఖ్యానం ఉంది. సూర్యపుత్రిక తపతిని సంవరణుడు వరించాడు. వారి కుమారుడే కురువు. కౌరవ పాండవుల వంశానికి మూలపురుషుడు.

నగరంలోని అశ్వినీకుమార్ ఘట్టానికి మరొక స్థానిక గాథ ఉంది. కురుక్షేత్రంలో నేలకొరిగిన కర్ణునికి దహన సంస్కారం ఇక్కడే జరిగిందని జనుల నమ్మకం. సూర్యపుత్రుడైన కర్ణునికి సూర్యపుత్రిక తాపీ తోబుట్టువు. బ్రతికి ఉండగా తల్లి గడప నోచని సోదరునికి చివరికి సోదరి ఒడ్డు దక్కిందన్నమాట. మూడే ఆకులతో నిలిచిన మర్రి ఒకటి అక్కడ ఉంది; కర్ణుని గాథకు గుర్తుగా దానిని పూజిస్తారు. ఈ గాథకు చారిత్రక ప్రమాణం వెదకడం అనవసరం. పొరపాటున శత్రువని తలచిన సోదరునికి పాండవులు తర్పణం వదలవలసి రావడమే భారతంలోని మహావిషాదం. ఎవరు మనవారో, ఎవరు కారో బ్రతికి ఉండగా తెలుసుకోవాలన్న హెచ్చరిక ఈ ఘట్టంలో వినిపిస్తుంది.

సూర్యుడు ధనూరాశిలో ఉన్న నెలను తెలుగువారు ధనుర్మాసమంటారు. గుజరాతీలు ఆ రోజులను 'కమూర్తా' అంటారు. రెండు చోట్లా అది పెళ్ళిళ్ళు జరగని నెల. బాజాలు, ఊరేగింపులు, విందులు ఆగిపోతాయి. పూర్వులు దీనికి శాస్త్రకారణం ఏది చెప్పినా, లౌకిక ప్రయోజనం స్పష్టమే. మూడువందల అరవై అయిదు రోజులూ ఉత్సవంగా గడిపేవాడికి తన గొంతు తనకు వినిపించదు. ఏడాదిలో ఒక నెలను వేడుకలకు దూరంగా ఉంచడంలో మన సమాజాలు చూపిన వివేకం మెచ్చదగినది.

చలికాలాలు మిగిల్చిన జ్ఞాపకాలు

సూరత్ చరిత్రలో ఎన్నో ఘట్టాలు చలికాలంలోనే నడిచాయి. 1664 జనవరిలో శివాజీ సేనలు మొగలాయిల ఈ సంపన్న రేవుపట్టణాన్ని కొల్లగొట్టాయి. అప్పుడు ఆంగ్లేయుల కోఠీని కాపాడిన అధిపతి సర్ జార్జి ఆక్సెండెన్ 1669లో మరణించాడు. ఆయన సమాధి నేటికీ ఇక్కడి ఆంగ్లేయ శ్మశానవాటికలో గుమ్మటాలతో నిలిచి ఉంది. డచ్చివారి శ్మశానంలో అంతకంటె ఆడంబరమైన సమాధి హెండ్రిక్ వాన్ రీడ్‌ది. ఆయన 1691 డిసెంబరులో సూరత్‌కు వస్తూ సముద్రం మీదనే కన్నుమూశాడు. సమాధి రాతికంటె ఆయన సంకల్పించిన పుస్తకమే ఎక్కువ కాలం బ్రతికింది. కేరళ మొక్కలను స్థానిక వైద్యుల సాయంతో వర్ణించిన 'హోర్టస్ మలబారికస్' పన్నెండు సంపుటాలుగా 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డాంలో వెలువడింది. తన పేరు నిలిచేది దేనివల్లనో మనిషి జీవించి ఉండగా పోల్చుకోవడం కష్టం. కనీసం ఆలోచించుకోవడానికి ఈ శ్మశానాలు తగిన చోటు.

1907 డిసెంబరులో తాపీ ఒడ్డున జరిగిన కాంగ్రెసు మహాసభ మితవాదులు, అతివాదులనే రెండు వర్గాలుగా చీలిపోయింది. కుర్చీలు లేచాయి; వేదిక మీదికి పాదరక్ష కూడా విసిరారు. ఒకే లక్ష్యం గల పెద్దలు తిరిగి ఒక్కచోట కూర్చోవడానికి తొమ్మిది శీతకాలాలు పట్టింది. 1916 డిసెంబరులో లక్నోలో గాని ఆ చీలిక పూడలేదు. ఒక్క మధ్యాహ్నపు ఆవేశం ఎన్నేళ్ళను మింగగలదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

తనను తాను పరీక్షించుకోవడమనే విద్యలో సూరత్‌కు ఒక ఆచార్యుడు ఉన్నాడు. ఆయన ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడైన కవి నర్మద్. 1833 ఆగస్టు 24న ఈ ఊళ్ళో జన్మించిన నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే, 1858 నవంబరు 23న బొంబాయిలో ఉపాధ్యాయ వృత్తిని విడిచి, ఇకమీదట కలమే తన జీవనాధారమని ప్రతిజ్ఞ చేశాడు. 1866లో, ముప్పది మూడేళ్ళ వయసులో, 'మారీ హకీకత్' అనే ఆత్మకథ వ్రాశాడు. గుజరాతీలో అదే తొలి ఆత్మకథ. అది పుస్తకంగా లోకానికి అందింది ఆయన శతజయంతి సంవత్సరమైన 1933లోనే. అప్పుల బాధకు తాళలేక 1882లో ఆయన తన ప్రతిజ్ఞను విడిచి ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. అంతటి సంస్కర్త చివరి దశలో తన పూర్వాభిప్రాయాలను తానే తిరగదోడి 'ధర్మవిచార్' రచించాడు. ఆయన చివరి అభిప్రాయాలతో ఏకీభవించనివారు ఉండవచ్చు. తన మాటలను తానే విచారణకు నిలబెట్టిన ధైర్యాన్ని కాదనగలవారు ఉండరు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం కూడా తరువాతి కాలంలో 'స్వీయచరిత్రము' వ్రాసి తన జీవితాన్ని తానే లోకం ముందు విప్పి పెట్టడం తెలుగు పాఠకులకు విదితమే. లోకాన్ని దిద్దబూనినవారు ముందుగా తమ పుటలను తిరగవేయడం ఈ ఇరువురిలోనూ కనిపించే లక్షణం.

అద్దంలో నగరం

వ్యక్తి వలెనే నగరమూ అద్దంలో చూసుకోవలసిన ఘడియ వస్తుంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు ప్రబలింది. యాభై మంది వరకు మరణించారు. లక్షలాది జనం రైళ్ళు, బస్సులు పట్టుకొని నగరం విడిచి పారిపోయారు. సిరిసంపదల నగరం, చెత్తకుప్పల నగరంగా ప్రపంచ పత్రికలకు ఎక్కింది. ఆ ఏడు వచ్చిన శీతకాలంలో సూరత్ ముందు ఉన్న లెక్క ధనానికి సంబంధించినది కాదు.

1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు మంత్రమేదీ వేయలేదు. అధికారులు ప్రతి ఉదయం వీధుల్లో తిరగాలన్నారు. కార్యాలయపు గదిలో ఆగిపోయే అధికారాలను మండలాలకు పంచారు. రాత్రివేళ వీధులు ఊడ్చే ఏర్పాటు చేశారు. ఆక్రమణలు తొలగించారు. కొద్దికాలంలోనే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన చేరింది. 2024 జనవరిలో ప్రకటించిన స్వచ్ఛ సర్వేక్షణ్ ఫలితాల్లో ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానం పంచుకుంది. పశ్చాత్తాపం కన్నీటితో ముగిసిపోతే ఫలమివ్వదు. మరునాడు ఉదయం చీపురు పట్టినప్పుడే దానికి విలువ.

కోరని విరామం

అయితే ఆత్మపరీక్షకు తీరిక కావాలని చెప్పేటప్పుడు ఒక సత్యాన్ని విస్మరించరాదు. తీరిక అందరికీ ఒకే విధంగా రాదు. 2008లో అమెరికాలో మొదలైన ఆర్థిక సంక్షోభం ఆ శీతకాలానికి వరాఛా వీధులకు చేరింది. దీపావళికి మూతపడిన వజ్రాల కర్మాగారాలు అనేకం గడువు తీరినా తెరుచుకోలేదు. గుజరాతీలో 'రత్నకళాకారులు' అనే గౌరవనామం గల పనివారు వేలాదిమంది జీవనోపాధి కోల్పోయారు. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. 2023, 2024 సంవత్సరాల మందగమనంలోనూ దీపావళి సెలవులు సాగదీయక తప్పలేదు. సెలవు ఎప్పుడు ముగుస్తుందో తెలిసినవాడికి అది విశ్రాంతి. తెలియనివాడికి అది వేదన. పొయ్యిలో పిల్లి లేవని ఇంట్లో మనశ్శాంతిని గురించి ఉపదేశించడం క్రూరత్వమే అవుతుంది.

కనుక శీతకాలపు ఆత్మవిచారంలో ఇరుగుపొరుగు విచారం కూడా చేరాలి. పక్కింటి తలుపు రెండు రోజులుగా ఎందుకు తెరుచుకోలేదు? నిన్నటిదాకా నవ్వుతూ పలకరించిన మనిషి ఇప్పుడు ముఖం ఎందుకు చాటు చేస్తున్నాడు? ఈ ప్రశ్నలు అడిగేవారుంటే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. మనసులోని దుఃఖాన్ని తమవారితో చెప్పుకోలేనివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఫోను చేస్తే రుసుము లేకుండా సలహా లభిస్తుంది. తెలుగు, గుజరాతీ సహా పలు భారతీయ భాషల్లో మాట్లాడవచ్చు.

తెగిన పోగు

లింబాయత్ ప్రాంతపు సందుల్లో నడిస్తే తెలుగు మాట చెవిన పడుతుంది. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి బ్రతుకుదెరువు కోసం వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడ నివసిస్తున్నాయి. మార్కండేయ మహర్షి కుమారుడు భావనారుషి తామరతూళ్ళ నారతో దేవతలకు వస్త్రం నేశాడని చెప్పుకునే కులం వారిది. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చినా, పత్తినూలు పోయి కృత్రిమ నూలు వచ్చినా, పోగును కనిపెట్టి ఉండే కన్ను మాత్రం మారలేదు. నగరపాలక సంస్థ పాఠశాలల్లో తెలుగు మాధ్యమానికీ చోటు కల్పించారు.

నేతగానికి తెలిసిన ఒక చిన్న నియమం ఆత్మపరీక్షకు పెట్టిన సూత్రం వంటిది. నడిచే మగ్గం మీద తెగిన పోగును అతకలేరు. మగ్గం ఆపాలి, తెగిన కొసలు వెదకాలి, ముడివేసి, ఆ ముడి కనిపించకుండా నడిపించాలి. ఆపకుండా నేసుకుంటూ పోతే గుడ్డ పొడుగునా చార పడుతుంది. బంధువుతో మాట పట్టింపు, తల్లిదండ్రులకు వ్రాయని ఉత్తరం, నెరవేర్చని వాగ్దానం, ఎవరికీ చెప్పుకోని భయం ఇవన్నీ తెగిన పోగులే. ఏడాది పొడుగునా బ్రతుకు మగ్గం ఆగదు. శీతకాలం వచ్చి దానిని కొన్నాళ్ళు నెమ్మదింపజేసినప్పుడైనా కొసలు వెదుక్కోవాలి.

జనవరి నడుమ రెండు సంప్రదాయాలు ఇక్కడ ఒకదానినొకటి కలుసుకుంటాయి. తెలుగువారికి భోగిమంట, సంక్రాంతి ముగ్గు. గుజరాతీలకు ఉత్తరాయణం, గాలిపటాలు. ఖగోళశాస్త్రం ప్రకారం సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల, నక్షత్రాలను బట్టి లెక్కించే మకర సంక్రమణం సుమారు డెబ్బై ఏళ్ళకు ఒక రోజు చొప్పున జరిగి జనవరి 14కు చేరింది. మూడు వారాలకు పైగా ఆలస్యమైనా పండుగ అర్థం చెడలేదు. వెలుతురు మళ్ళిందన్న సంగతిని మనిషి గుర్తించడానికి ఎప్పుడూ కొంత వ్యవధి పడుతుంది.

భోగినాడు పాత చాపలు, విరిగిన కొయ్య మంటల్లో వేసే తెలుగు గృహిణికి వదులుకోవడమంటే ఏమిటో తెలుసు. మరునాడు మేడల మీద గాలిపటం ఎగరేసే గుజరాతీ కుర్రవాడికీ తెలుసు. పటాల పోరులో రెండు పద్ధతులు ఉన్నాయి: 'ఖేంచ్' అంటే గుంజడం, 'ఢీల్' అంటే దారం వదలడం. గుంజడమే తెలిసినవాడి పటం త్వరగా తెగుతుంది. ఎప్పుడు వదలాలో తెలిసినవాడిది నిలుస్తుంది.

ఈ ఆనందానికీ ఒక జమాఖర్చు ఉంది. గాజుపొడి పూసిన దారం పక్షుల రెక్కలు కోస్తుంది. మోటారు సైకిళ్ళ మీద వెళ్ళేవారి గొంతులకు ప్రమాదం తెస్తుంది. అందుచేత నైలాను దారాన్నీ గాజు పూసిన దారాన్నీ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. గాయపడిన పక్షులను రక్షించడానికి గుజరాత్ ప్రభుత్వం ఏటా జనవరిలో 'కరుణా అభియాన్' నిర్వహిస్తున్నది. శీతకాలంలో తాపీ మీది కాజ్‌వే దగ్గరకు వేల మైళ్ళ దూరం నుంచి వలస వచ్చే పక్షులు కూడా ఈ ఊరి అతిథులే.

జనవరి 15ను గుజరాతీలు 'వాసీ ఉత్తరాయణ్' అంటారు. పొద్దు వాలేవరకు మేడలు మళ్ళీ కేకలతో నిండుతాయి. ఆ తర్వాత చెట్లకొమ్మలకు, విద్యుత్తు తీగలకు, గోడల అంచులకు రంగురంగుల దారం చిక్కులుగా వేలాడుతూ మిగిలిపోతుంది. పండుగ ముగిసింది గదా అని వదిలేస్తే రేపు ఏ పావురం కాలికో అది ఉరి అవుతుంది. అందుకే మరునాటి ఉదయం పిల్లలూ స్వచ్ఛంద సేవకులూ పొడుగాటి కర్రలు పట్టుకొని వీధి వీధినా ఆ దారాన్ని దించి, ఉండలుగా చుట్టి పోగుచేస్తారు. పగలు క్రమంగా పొడుగవుతూనే ఉంటుంది. మగ్గాలు, చక్రాలు జోరందుకుంటాయి. అందాకా దక్కిన కొద్ది రోజుల తీరికలో తాను విసిరిన దారాన్ని తానే ఏరుకున్నవాడు నిశ్చింతగా పనిలోకి దిగుతాడు.